ఎక్స్ అంటే ఏంది బిడ్డా?



ఈ నెల పేజీకి ఏదైనా రాయమని అడిగినప్పుడు, తెలుగులోనే రాస్తానని ముందే చెప్పాను. టెన్త్ పిల్లలకు ఇంగ్లిష్ మీడియంలో మ్యాథ్స్ చెప్పే టీచర్ ఇలా అడగడం కొంచెం వింతగానే ఉంటుంది. కానీ నేను చెప్పబోయేది రాత్రి అన్నాలు తిన్నాక మీ ఇంట్లో మీకూ మీ బిడ్డకూ మధ్య జరగాల్సిన మాట. ఆ మాట ఏ భాషలో జరుగుతుందో ఆ భాషలో రాయడమే న్యాయం అనిపించింది.

మొన్నటి పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు బిడ్డ ఆన్సర్ షీటు పట్టుకుని నా ముందు కూర్చున్నారు. రెండు చరరాశులలో రేఖీయ సమీకరణాల జత, అదే మీ పిల్లలు "పెయిర్ ఆఫ్ లీనియర్ ఈక్వేషన్స్" అని చెప్పే పాఠం మీద యూనిట్ టెస్టు. ఆ అమ్మాయి నేరుగా ఇచ్చిన ఈక్వేషన్లన్నీ సరిగ్గా చేసింది. తొలగించే పద్ధతి, ప్రతిక్షేపణ పద్ధతి, గ్రాఫు, అన్నింటికీ పూర్తి మార్కులు. మాటల్లో ఇచ్చిన లెక్కలు, మనం వర్డ్ ప్రాబ్లమ్స్ అంటామే, అవి మూడూ ఖాళీ. తప్పు కూడా చేయలేదు. ప్రశ్న నంబర్ వేసి, కింద తెల్లకాగితం వదిలేసింది.

ఆయన అడిగింది ఒక్కటే. "మేడం, ఇంట్ల గూడ ఇంగ్లిష్‌లనే మాట్లాడాల్నా? మాకైతే రాదాయె. మా వల్లనే ఎనకబడుతుందా?"

ఈ ప్రశ్న నేను కోదాడ బ్రాంచీలో ఉన్న మూడేళ్లూ విన్నాను. ఇప్పుడు సూర్యాపేటలో వింటున్నాను. వారానికో రోజు రివిజన్ క్లాసులకు మిర్యాలగూడ వెళ్తే అక్కడా వింటున్నాను. అడిగేటప్పుడు వాళ్ల గొంతు కొంచెం తగ్గుతుంది. ఫీజు కట్టే దగ్గర తగ్గని గొంతు ఇక్కడ తగ్గుతుంది. అది నాకు బాగా కష్టం అనిపిస్తుంది.

ఆ రోజు ఆయనకు జవాబు చెప్పకుండా, ఆయనేం చేస్తారని అడిగాను. వ్యవసాయం, ఆరెకరాలు, సాగర్ ఎడమ కాలువ కింద వరి. అప్పుడు ఒక లెక్క అక్కడికక్కడ అల్లాను. 2025-26లో సాధారణ రకం వడ్లకు మద్దతు ధర క్వింటాకు 2,369 రూపాయలు. ఏ గ్రేడుకు 2,389. సన్న వడ్లకు రాష్ట్ర ప్రభుత్వం పైన ఇంకో 500 బోనస్ ఇస్తుంది కాబట్టి అవి 2,889. (మద్దతు ధర, బోనస్ ఒకేసారి పడవని మీకు తెలుసు. లెక్క కోసం కలిపాను.) "అన్నా, ఒక రైతు దొడ్డు వడ్లు కొన్ని, సన్న వడ్లు కొన్ని, మొత్తం 60 క్వింటాళ్లు అమ్మిండు. 1,55,140 రూపాయలు వచ్చినై. సన్నాలు ఎన్ని, దొడ్డువి ఎన్ని?"

అమ్మాయి పెన్ను తీసింది. ఆయన ఫోను తీశారు.

"అన్నీ దొడ్డువే అనుకుందాం మేడం" అన్నారు. 60 ఇంటూ 2,369 కొట్టారు. 1,42,140 వచ్చింది. "వచ్చిన పైసలు దీనికంటే ఎక్కువున్నయి. ఎంత? పదమూడు వేలు. ఆ ఎక్కువ యాడికెళ్లి వచ్చింది? సన్నాల కాడికెళ్లి. క్వింటాకు 520 ఎక్కువ. పదమూడు వేలల్ల 520లు ఎన్ని?" మళ్లీ ఫోను. "ఇరవై ఐదు. సన్నాలు ఇరవై ఐదు, దొడ్డువి ముప్పై ఐదు."

అమ్మాయి అప్పటికి ఎక్స్ అని రాసి ఆగింది.

నేను ఆ అమ్మాయి కాగితం తీసుకుని పక్కన రాశాను. సన్నాలు ఎక్స్ క్వింటాళ్లు, దొడ్డువి వై క్వింటాళ్లు. ఎక్స్ + వై = 60. 2889 ఎక్స్ + 2369 వై = 1,55,140. ఇప్పుడు వై పోవాలంటే మొదటి సమీకరణాన్ని 2369తో గుణించాలి. గుణిస్తే కుడివైపు ఎంత వస్తుంది? 1,42,140. వాళ్ల నాన్న ఫోనులో ఇంకా అదే అంకె ఉంది. రెండో దాంట్లోంచి మొదటిది తీసేస్తే 520 ఎక్స్ = 13,000. ఎక్స్ = 25.

ఆ అమ్మాయి కాసేపు రెండింటినీ మార్చి మార్చి చూసింది. ఆ తర్వాత అన్న మాట నేను మరిచిపోలేను. "మేడం, గుణించడం అంటే అన్నీ దొడ్డువే అనుకోవడమా?"

అవును, అంతే. ఆ అమ్మాయి ఆ స్టెప్పు కనీసం వంద సార్లు చేసి ఉంటుంది. అది ఒక మాట అని, ఇంట్లో నాన్న రోజూ అనే మాట అని ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

కాబట్టి ఈ వ్యాసంలో నా అభిప్రాయం ఇది. పిల్లలు మాటల లెక్కల దగ్గర ఆగిపోతున్నది గణితం రాక కాదు. ఆ లెక్కను తమ మాటల్లో ఒక్కసారి కూడా చెప్పుకోకుండా నేరుగా ఎక్స్, వైల్లోకి దూకమంటున్నాం. ఆ చెప్పుకోవడం ఇంట్లో, తెలుగులో జరగాలి. దానికి మీకు ఇంగ్లిష్ రానక్కరలేదు, ఆల్జీబ్రా అసలే రానక్కరలేదు.

ఇంగ్లిష్ ఎక్కడ అడ్డం పడుతుందో కొన్ని చెప్తాను. చిన్న చిన్న మాటలే. "ఒక తండ్రి వయసు ఇప్పుడు కూతురి వయసుకు మూడు రెట్లు. పద్నాలుగేళ్ల తర్వాత రెండు రెట్లు అవుతుంది. ఇప్పుడు ఎవరి వయసెంత?" అనే లెక్క తీసుకోండి. పుస్తకాల్లో "పద్నాలుగేళ్ల తర్వాత"ని "ఫోర్టీన్ ఇయర్స్ హెన్స్" అని రాస్తారు. ఈ హెన్స్ అనే మాట మన పిల్లలకు ఎక్కడ తెలుసు? జామెట్రీలో, ప్రతి రుజువు చివర "హెన్స్ ప్రూవ్డ్" అని రాస్తారు. అక్కడ దాని అర్థం "కాబట్టి". ఒకబ్బాయి ఈ లెక్కను "పద్నాలుగేళ్లు, కాబట్టి" అని చదువుకుని, తర్వాత ఏమవుతుందో తెలియక కూర్చున్నాడు. వాడు తెలివి తక్కువవాడు కాదు. నేర్పిన అర్థాన్నే నమ్మాడు.

"అప్‌స్ట్రీమ్" ఇంకొకటి. అప్ అంటే పైకి, పైకి అంటే ఎక్కువ, కాబట్టి పడవ వేగానికి నీళ్ల వేగం కలపాలి అన్నాడు మిర్యాలగూడలో ఒక బాబు. వాడపల్లి ఎప్పుడైనా వెళ్లావా అని అడిగాను. మూసీ కృష్ణలో కలిసే చోటు, ఆ పిల్లలందరికీ తెలుసు. పడవ ఏటికి ఎదురు పోతే ఏమవుతుంది? "మెల్లగ పోతది మేడం." వాలుకు పోతే? "జల్ది పోతది." మరి ఎదురుకు కలపాలా, తీసేయాలా? వాడు నవ్వి నోటుబుక్కులో దిద్దుకున్నాడు. 24 కిలోమీటర్లు వాలుకు రెండు గంటలు, ఎదురు మూడు గంటలు అంటే, వాలుకు గంటకు 12, ఎదురు గంటకు 8. పడవ వేగం 10, నీళ్ల వేగం 2. నోటితోనే చేశాడు. ఏటికి ఎదురీదడం అనే మాట మన ఇళ్లలో కష్టాలు చెప్పుకునేటప్పుడు వాడతాం. ఆ మాటలో గణితం ఉందని వాడికి తెలియలేదు, అంతే.

నాకూ ఇది జరిగింది. పదో తరగతి వరకు నేను సర్కారు హైస్కూల్లో తెలుగు మీడియం. మ్యాథ్స్‌లో క్లాసు ఫస్టు. ఇంటర్‌లో ఇంగ్లిష్ మీడియంలో చేరాక మొదటి నెల టెస్టులో "కన్సెక్యూటివ్" అనే మాట అర్థం కాక ఒక లెక్క వదిలేశాను. వరుస సంఖ్యల లెక్కలు నేను ఎనిమిదిలోనే చేశాను. కన్సెక్యూటివ్ అంటే వరుస అని తెలియలేదు. అడిగితే ఆ కాలేజీలో ఒక సార్ అందరి ముందూ "తెలుగు మీడియమా?" అన్నారు. ఆ తర్వాత ఏడాదంతా నేను ఒక్క ప్రశ్న అడగలేదు. బీఈడీ చేసి ఇదే పని ఎంచుకోవడానికి ఆ ఒక్క మాట కూడా ఒక కారణమే కావచ్చు.

అయితే తప్పంతా ఇంగ్లిష్ మీద వేసి ఊరుకుంటే నేను అబద్ధం చెప్పినట్టే. ఇంగ్లిషే ఇంటి భాష అయినవాళ్లూ ఇక్కడ పడతారు. 1981లో అమెరికాలో అచ్చైన ఒక అధ్యయనంలో ఇంజినీరింగ్ మొదటి ఏడాది విద్యార్థులకు ఒక వాక్యం ఇచ్చారు. ఈ యూనివర్సిటీలో ప్రొఫెసర్ల కంటే విద్యార్థులు ఆరు రెట్లు ఉన్నారు, విద్యార్థుల సంఖ్య ఎస్, ప్రొఫెసర్ల సంఖ్య పి, సమీకరణం రాయండి. మూడో వంతుకు పైగా తప్పు రాశారు. వాళ్లలో ఎక్కువమంది రాసింది 6 ఎస్ = పి. రాయాల్సింది ఎస్ = 6 పి. ఒకసారి పిల్లల్ని అడిగి చూడండి, మీరూ ప్రయత్నించండి. ఎందుకు తిరగబడుతుందంటే, 6 ఎస్ అనగానే "ఆరుగురు స్టూడెంట్లు" అని చదువుకుంటాం. ఎస్ అంటే స్టూడెంటు అనుకుంటాం. ఎస్ స్టూడెంటు కాదు, స్టూడెంట్లు ఎంతమందో ఆ సంఖ్య.

అసలు ముడి ఇక్కడుంది. అక్షరం వస్తువు పేరు కాదు, మనకింకా తెలియని ఒక అంకె. పై వడ్ల లెక్కలో "ఎక్స్ అంటే ఏంటి?" అని పిల్లల్ని అడిగితే, పదిమందిలో ఎక్కువమంది "సన్న వడ్లు" అంటారు. సన్న వడ్లను 2,889తో గుణించలేం కదా. "సన్న వడ్లు ఎన్ని క్వింటాళ్లో అది" అని చెప్పిన పిల్లకు సగం లెక్క అయిపోయినట్టే. మిగతా సగం మిషన్ పని, అది మీ పిల్లలకు బాగా వచ్చు.

అందుకే మీరు చేయాల్సిన పని చాలా చిన్నది. బిడ్డ మాటల లెక్క దగ్గర ఆగిందనుకోండి. పుస్తకం మూసి, కథ చెప్పమనండి. "ఈ లెక్కల ఏం జరిగింది?" అని అడగండి. చెప్పాక, "మనకు తెల్వనిది ఏంది?" అనండి. ఆ తర్వాత, "ఎక్స్ అంటే ఏంది బిడ్డా?" అని అడిగి, ఊరుకోండి. ఊరుకోవడం కష్టం, నాకు తెలుసు. నేను క్లాసులో ఐదు సెకన్లు కూడా ఊరుకోలేను, సిలబస్ తరుముతుంటుంది. మీకు సిలబస్ లేదు. పొయ్యి మీద కూర ఉడికేదాకా ఊరుకోవచ్చు.

మీకు జవాబు తెలియకపోవడం ఇక్కడ లాభమే. నేను అడిగితే పిల్లలు నా మొహం చూసి ఒప్పో తప్పో కనిపెట్టేస్తారు. మీకు నిజంగానే తెలియదు కాబట్టి, మీకు అర్థమయ్యేదాకా చెప్పక తప్పదు. మీరు "గదెట్ల?" అని ఒక్కసారి అంటే, నేను నాలుగు సార్లు చెప్పినదానికి సమానం.

వయసు లెక్కనే మళ్లీ చూడండి. కూతురికి డి ఏళ్లు, తండ్రికి 3 డి. పద్నాలుగేళ్ల తర్వాత రెండు రెట్లు కాబట్టి సగం మంది పిల్లలు 3 డి + 14 = 2 డి అని రాస్తారు. నేను ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, "కరెక్షన్ చేసుకో" అంటాను. అదే ఇంట్లో అయితే ఏమవుతుంది? "మీ నాయినకు పద్నాలుగేండ్లు ఎక్కితే నీకు ఎక్కయా?" అని వాళ్ల అమ్మ అంటుంది. అంతే, కూతురి పక్కన కూడా 14 పడుతుంది. 3 డి + 14 = 2 (డి + 14). డి పద్నాలుగు, తండ్రికి నలభై రెండు. ఒకసారి ఒకబ్బాయి తండ్రి 14, కూతురు 42 అని రాసి, చుట్టూ బాక్సు గీసి, పైన "ఆన్సర్" అని కూడా రాశాడు. ఆ జవాబు ఇంట్లో గట్టిగా చదివి ఉంటే తాతమ్మ దాకా నవ్వేవాళ్లు. ఆ నవ్వే అసలైన సరిచూసుకోవడం. జవాబు వచ్చాక దాన్ని ఈక్వేషన్‌లో కాదు, కథలో పెట్టి చూడమనండి.

కొందరు తల్లిదండ్రులు నాతో అంటారు, పరీక్ష ఇంగ్లిష్‌లోనే కదా మేడం, తెలుగులో చెప్పించి ఏం లాభం అని. పరీక్ష ఇంగ్లిష్‌లోనే, నిజం. అందుకే తెలుగులో అర్థమైనదాన్ని మళ్లీ ఇంగ్లిష్‌లో ఒక్క వాక్యంగా రాయించడం నా పని. "లెట్ ఎక్స్ బీ ద నంబర్ ఆఫ్ క్వింటల్స్ ఆఫ్..." అని మొదలయ్యే వాక్యం. అది రాయకుండా ఈక్వేషన్ రాసినవాళ్లకు ఈ ఏడాది నుంచి నా క్లాసులో మార్కు తగ్గిస్తున్నాను. ఆ వాక్యంలో "నంబర్" అనే మాట ఉండాలి. పిల్లలకు కోపంగా ఉంది. ఉండనివ్వండి. అయితే ఆ వాక్యం రావాలంటే ముందు బుర్రలో విషయం ఉండాలి, అది ఏ భాషలో చేరిందన్నది పేపరు దిద్దేవాళ్లకు కనిపించదు. 2022-23 నుంచి మన రాష్ట్రంలో ప్రభుత్వ బడుల పుస్తకాలు కూడా రెండు భాషల్లో, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్‌గా వస్తున్నాయి. మన పక్క వీధి సర్కారు బడి పిల్లల దగ్గర ఆ పుస్తకం ఉంటే ఒకసారి అడిగి తెచ్చుకుని చూడండి. నేను చూస్తాను, నాకు సిగ్గు లేదు.

మా వైపు తప్పు కూడా చెప్పాలి. మేం బోర్డు మీద మొదటి లైనుగా ఈక్వేషనే రాసేస్తాం. పది సెకన్లలో లెక్క చదివి, "సో, ఎక్స్ ప్లస్ వై ఈక్వల్ టు" అని మొదలుపెడతాం. పిల్లలు దించుకుంటారు. చదవడానికీ రాయడానికీ మధ్య జరగాల్సిన ఆలోచన మా తలలో జరిగిపోయింది, పిల్లలకు కనిపించలేదు. పైగా ఫౌండేషన్ క్లాసుల్లో నాలుగు ఆప్షన్లు ఇచ్చి, వాటిని ఒక్కొక్కటీ లెక్కలో పెట్టి చూడమని నేర్పుతాం. పోటీ పరీక్షకు అది పనికొస్తుంది. కానీ ఎనిమిది, తొమ్మిది తరగతుల్లోనే అది అలవాటైతే, ఆప్షన్లు లేని పేపరులో ఆ బిడ్డ ఏం చేయాలి? తెల్లకాగితం వదిలేస్తుంది. ఆ రోజు నేను చూసింది అదే. వీకెండ్ టెస్టులు నేనూ పెడతాను, వాటిని తీసేయమనడం లేదు. టెన్త్ పాఠం పూర్తయ్యేదాకా ఈ ఒక్క చాప్టర్‌లో ఆప్షన్ల లెక్కలు వద్దని మాత్రం స్టాఫ్ మీటింగ్‌లో అడిగాను. చూద్దాం.

మాటల లెక్క మన భాషకు కొత్తేమీ కాదు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు రాసిన గణితసారసంగ్రహంలో ఒక పండ్ల లెక్క ఉంది. 9 మాదీఫలాలు, 7 వెలగపండ్ల ధర 107. 7 మాదీఫలాలు, 9 వెలగపండ్ల ధర 101. ఒక్కోటి ఎంత? తొమ్మిది ఏడు, ఏడు తొమ్మిది, అటూ ఇటూ మార్చాడు చూడండి. రెండింటినీ కలిపితే పదహారు మాదీఫలాలు, పదహారు వెలగపండ్లు 208. అంటే ఒక జత 13. తీసేస్తే రెండు మాదీఫలాలకూ రెండు వెలగపండ్లకూ తేడా 6, ఒక్కోదానికి తేడా 3. కాబట్టి 8, 5. పెద్ద పెద్ద గుణకారాలేమీ లేవు. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆయన పదకొండో శతాబ్దం వాడని ఎక్కువమంది అంటారు. అంటే ఇంగ్లిష్ మన ఊళ్లకు రాకముందు ఎన్నో వందల ఏళ్లుగా తెలుగువాళ్లు తెలుగులో లెక్కలు చెప్పుకుంటున్నారు. "తెలుగులో మ్యాథ్స్ ఎట్లా మేడం?" అని తొమ్మిదో తరగతి పిల్లలు నన్ను అడిగినప్పుడు ఈ పండ్ల లెక్కే ఇస్తాను. చాలామందికి వెలగపండు తెలియదు, అదొక బాధ.

ఇంకో సంగతి చెప్పకపోతే ఈ పేజీ పూర్తి కాదు. లెక్క మాటల్లో అర్థం చేసుకున్న పిల్లలు ఒక్కోసారి టీచర్‌నే ఇరికిస్తారు. సూర్యాపేట క్లాసులో ఒక బస్సు లెక్క ఇచ్చాను. బస్సులో 50 మంది ప్రయాణికులు. ఫుల్ టికెట్ 60 రూపాయలు, హాఫ్ టికెట్ 30. కండక్టర్‌కు 2,400 వచ్చాయి. ఫుల్ ఎన్ని, హాఫ్ ఎన్ని? పాత లెక్క, ఫుల్ 30, హాఫ్ 20 అని వస్తుంది. అందరూ చేస్తున్నారు. వెనక బెంచీలో ఒకడు చెయ్యెత్తాడు. "మేడం, ఆడోళ్ల జీరో టికెట్లు?"

2023 డిసెంబరు 9 నుంచి మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు జీరో టికెట్ కదా. వాడు రోజూ బస్సులో వస్తాడు. వాడి బస్సులో యాభై మందిలో ఫుల్, హాఫ్ మాత్రమే ఉండరు. నేను నవ్వబోయి ఆగాను. వాడు చెప్పింది నిజం. జీరో టికెట్లు ఐదుంటే ఫుల్ 35, హాఫ్ 10. జీరో టికెట్లు పదుంటే ఫుల్ 40, హాఫ్ ఒక్కటీ లేదు. అన్నింటికీ డబ్బు 2,400 సరిపోతుంది, మనుషులూ యాభై సరిపోతారు. తెలియనివి మూడు, చెప్పిన సంగతులు రెండే, కాబట్టి ఒకే జవాబు తేలదు. ఇది ఇంటర్‌లో చెప్పే విషయం. టెన్త్ పిల్లాడు కండక్టర్ మిషన్ చూసి కనిపెట్టాడు. యూనిట్ టెస్టులో వాడికి ఎప్పుడూ సగానికి మించి మార్కులు రావు. ప్రోగ్రెస్ కార్డులో ఈ సంగతి రాయడానికి గడి ఏదీ లేదు కాబట్టి, వాళ్ల అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. ఆమె ముందు భయపడింది, స్కూల్ నుంచి ఫోనంటే ఫిర్యాదే అనుకుంది. తర్వాత నాలుగు సార్లు అడిగి చెప్పించుకుంది.

ఒక జాగ్రత్త కూడా. ఈ మాట రాత్రి పదింటికి, నిద్ర కళ్ల మీద, "గింత కూడ రాదా" అనే గొంతుతో మొదలైతే పని చేయదు. పక్కింటి పిల్లల మార్కులు మధ్యలోకి వచ్చినా పని చేయదు. వారంలో రెండు రోజులు, పది నిమిషాలు చాలు. మిగతా రోజులు పిల్లల్ని వదిలేయండి.

వడ్ల లెక్క చేసిన ఆ నాన్నగారు వెళ్లేటప్పుడు నన్ను మళ్లీ అడిగారు, "అయితే ఇంట్ల తెలుగే మాట్లాడాల్నా?" అని. మాట్లాడండన్నా, ముఖ్యంగా లెక్కలు, అన్నాను. ఆ తర్వాతి టెస్టులో ఆ అమ్మాయి మూడు మాటల లెక్కల్లో రెండు చేసింది. మూడోది తప్పింది. కానీ ఈసారి కాగితం తెల్లగా లేదు. మార్జిన్‌లో పెన్సిల్‌తో తెలుగులో చిన్నగా "అన్నీ ఫుల్ టికెట్లే అనుకుంటే" అని రాసి ఉంది. నేను దాన్ని కొట్టేయలేదు.

ఈ ఆదివారం కోసం ఒక లెక్క ఇస్తున్నాను. సూర్యాపేట దగ్గర హైవే మీద ఒక హోటల్ ముందు బస్సు ఆగింది. ఒక టేబుల్ వాళ్లు మూడు ప్లేట్ల ఇడ్లీ, రెండు దోశలు తిని 220 రూపాయలు కట్టారు. పక్క టేబుల్ వాళ్లు రెండు ప్లేట్ల ఇడ్లీ, మూడు దోశలు తిని 255 కట్టారు. ఇడ్లీ ప్లేటు ఎంత, దోశ ఎంత? హోటల్ నిజంది కాదు, రేట్లూ నావే, వెళ్లి గొడవ పడకండి. పెన్ను ముట్టుకోకముందు మీ బిడ్డ ఈ లెక్క గురించి చెప్పిన మొదటి వాక్యాన్ని, ఏ భాషలో చెప్తే ఆ భాషలో, అలాగే డైరీలో రాసి సోమవారం పంపండి. జవాబు నాకు అక్కర్లేదు, ఆ వాక్యం కావాలి.